వెచ్చటి పొత్తిగుడ్డలు

పున్నమ్మ ఏ ఇంటికి పురిటిపనికి వెళ్లినా అంట్లు తోమదు. మిరపకాయలు ముట్టదు, చేపలు కోయదు. ఆ మాట గుమ్మంలో చెప్పులు విప్పకముందే చెప్పేస్తుంది.

"నేను బిడ్డకి నీళ్లు పోసే మనిషిని. నా చేతులు గరుకైతే మీ బిడ్డ వీపే కందుద్ది. తర్వాత మీ ఇష్టం."

రేపల్లెలో తమ్ముడి ఇంటి వసారా ఆమె నివాసం. అక్కడ ఉన్న రోజులు తక్కువ. తెనాలిలోనో బాపట్లలోనో చర్చి సంఘంవాళ్ల ఇళ్లలో ఎవరికో ఒకరికి నెలలు నిండుతూనే ఉండేవి. ఆస్పత్రి ఏదో నిర్ణయించుకున్నాక వాళ్లు మాట్లాడుకునే రెండో సంగతి పున్నమ్మ దొరుకుతుందా లేదా అన్నది. హిందువుల ఇళ్లకూ వెళ్లేది. నూనె పట్టించేటప్పుడు మాత్రం ఎవరింట్లోనైనా లోగొంతుకలో యేసు పాటే పాడుకునేది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పే ధైర్యం ఉండేది కాదు.

ఆమె మంచిది కాదని బాలింతలందరికీ తెలుసు. కుట్లు నొప్పి అంటే "దూడని ఈనిన ఆవు కూడా ఇంత యాగీ చెయ్యదు" అనేది. పాలు పడటంలేదని ఏడ్చినవాళ్లను వరండాలోకి వినబడేలా వెక్కిరించేది. తన చేతుల మీద అంత నమ్మకం ఉన్న మనిషికి నోరు అదుపులో పెట్టుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే ఆ చేతుల్లో పడగానే బిడ్డ ఏడుపు మానేది. చాచిన కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఆముదం నువ్వులనూనె కలిపి వీపు మీద అరచేత్తో ఒక్కసారి కిందికి దిగితే చాలు, పిడికిళ్లు విడిపోయేవి. తల్లులు ఆ చేతుల కోసం ఆ నోటిని భరించేవారు.

ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఒంటి మీద నీళ్ల వేడి తగ్గకముందే బిడ్డకు గుడ్డ వేడి తగలాలి. చల్లటి గుడ్డ చుడితే బిడ్డ ఉలిక్కిపడుతుందని, ఆ ఉలికిపాటు ఒంట్లో ఉండిపోతుందని ఆమె నమ్మకం. పాత పంచెలు, నలిగిన చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసేది. సాంబ్రాణి కుంపటి మీద గంప బోర్లించి, వాటిని దాని మీద పరిచి వెచ్చబెట్టేది. నీళ్లు పోసినంతసేపూ ఒక కన్ను గంప మీదే ఉండేది.

తెనాలిలో లిడియా టీచరమ్మ కూతురు సింధుకు మగబిడ్డ పుట్టినప్పుడు నవంబరు ముసురు పట్టి ఉంది. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పోతే ఇంకొకటి. మూడో అంతస్తు ఫ్లాట్లో తాళ్లు కట్టని గది లేదు. ఉతికిన గుడ్డలు రెండు రోజులకూ ఆరక ముక్కవాసన కొడుతున్నాయి. లిడియా హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో తాడు కింద తలవంచి నడవాల్సి రావడం ఆమెకు అవమానంగా ఉంది. అల్లుడు సన్నీ ఒక శనివారం విజయవాడ నుంచి వస్తూ డ్రయ్యర్ కొనుక్కొచ్చాడు.

బిగించడానికి వచ్చిన మెకానిక్కు దాన్ని వెనక బాల్కనీలో పెట్టి, వేడిగాలి పోయే గొట్టాన్ని కిటికీలోంచి బయటికి తీశాడు. గోడకు ఆనించవద్దనీ, గొట్టం నలిగితే వేడి లోపలే ఉండిపోతుందనీ చెప్పాడు. తలుపు దగ్గరున్న జల్లెడలాంటి ఫిల్టరు లాగి చూపించి, బట్టల నూగంతా దీన్లోకి చేరుతుంది, వేసిన ప్రతిసారీ తీసెయ్యాలన్నాడు. చివర్లో మిషన్ కాసేపు చల్లగాలి తిప్పుతుంది, అది అయ్యేదాకా తలుపు తియ్యకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెయ్యకూడదు. నూనె బట్టలు అసలు వెయ్యకూడదు.

లిడియా అక్కడే కుర్చీలో కూర్చుని అన్నీ విన్నది. పున్నమ్మ స్నానాలగదిలో ఉంది. సన్నీ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పున్నమ్మత్తా, నూనె గుడ్డలు మాత్రం దాంట్లో వెయ్యకూడదంట."

"నూనె గుడ్డలెవరేస్తారయ్యా? ఉతికి, జాడించి, పిండినవేగా వేసేది. అదేమన్నా ఆవకాయ జాడీనా?"

సన్నీ నవ్వి వెళ్లిపోయాడు. పున్నమ్మ లెక్కలో నూనె గుడ్డ అంటే నూనె కారుతున్న గుడ్డ. సబ్బు పడితే అది ఉతికిన గుడ్డ. సన్నీకీ లిడియాకీ కూడా అంతకుమించి తోచలేదు. రోజూ ఆముదం తాగిన ఆ పాత నూలు గుడ్డలు ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా నూనె వదలవని, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసేది. ఆ వాసన పసిబిడ్డ వాసనే అనుకున్నారు.

మొదటిసారి మిషన్లోంచి గుడ్డ తీసి చెంపకు ఆనించుకున్న పున్నమ్మ, రెండో చెంపకూ ఆనించుకుంది. కుంపటి మీద గుడ్డ ఒకవైపు కాగి ఒకవైపు చల్లగా ఉండేది. ఇది పోగు పోగునా వెచ్చగా ఉంది.

"ఎట్టా ఉంది పున్నమ్మా?" అంది లిడియా, తానే కనిపెట్టినట్టు.

"బాగానే ఉందమ్మగారూ. కాకపోతే చివర్న ఆ చల్లగాలి తిప్పి చెడగొడతంది. వెచ్చదనమంతా పోతంది."

"అవును, నేనూ అదే చూస్తున్నా. ఎండిన బట్టలకి చల్లగాలి దేనికి? కరెంటు దండగ. ఆపి తీసెయ్, వేడి వేడిగా."

మంచం మీదున్న సింధు, "అమ్మా, అతను వద్దన్నాడుగా" అంది.

"అతను అందరికీ ఒకటే పాఠం చెప్తాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పలా? అందులో సగం వాళ్లకి అక్కర్లేనిదే."

అప్పట్నుంచి అదే పద్ధతి. చల్లగాలి మొదలవగానే పున్నమ్మ తలుపు తీసి, ఆవిరి కక్కుతున్న గుడ్డల్ని రెండు చేతులా వాటేసుకుని, మూతున్న ప్లాస్టిక్ బుట్టలోకి అదిమి, పైన దుప్పటి కప్పేది. అలా చేస్తే బిడ్డ నిద్రలేచి నీళ్లు పోసే వేళకు కూడా వేడి నిలిచేది. ఫిల్టరులోంచి బూడిదరంగు నూగు పొరను దోసెలా ఒలవడం మొదటివారం లిడియాకు సరదాగా ఉండేది. తర్వాత ఆ పని ఎవరిదో తెలియకుండా పోయింది. బాల్కనీలో దారికి అడ్డంగా ఉందని ఆమె మిషన్ను గోడకు నెట్టించింది. వెనక గొట్టం నలిగింది. గుడ్డలు ఆరడానికి ఇదివరకటికన్నా ఎక్కువసేపు పట్టడం, మిషన్ పైరేకు చెయ్యి పెట్టలేనంత కాగడం ఇద్దరూ గమనించారు. ముసురుకి అనుకున్నారు.

ఆ ఆదివారం లిడియా అల్లుడితో కలిసి గుడికి వెళ్లింది. ముందురోజు కరెంటు లేక పేరుకున్న గుడ్డలన్నీ పున్నమ్మ ఒకేసారి వేసింది. తీసి, ఎప్పట్లాగే బుట్టలో కుక్కి, దుప్పటి కప్పి, ఉయ్యాల పక్కన స్టూలు మీద పెట్టింది. బిడ్డ ఆరోజు చాలాసేపు పడుకున్నాడు. లేచి పాలు తాగి నీళ్లకు వచ్చేసరికి గుడిలో ఆరాధన కూడా ముగిసే వేళయింది.

నూనె పట్టిస్తుండగా మాడు వాసన వచ్చింది. "అన్నం మాడింది, స్టవ్ చూడు" అని పున్నమ్మ కేకేసింది. సింధు స్టవ్ ఆరిపోయే ఉందని చెప్పి, గది తలుపు తీసి అరిచింది.

మంట లేదు. బుట్ట పక్క కరిగి వంగి ఉంది. దుప్పటిలోంచి పసుపురంగు పొగ చిక్కగా, నెమ్మదిగా పైకి లేస్తోంది. పున్నమ్మ నూనె ఒంటి బిడ్డను సింధు చేతుల్లో పెట్టి, లోపలికి వెళ్లి, దుప్పటి లాగింది. గాలి తగిలీ తగలగానే మంట లేచి ఉయ్యాల మీది నైలాన్ దోమతెరను అందుకుంది. తెర కరిగి బొట్లు బొట్లుగా రాలుతోంది. ఉయ్యాల కింద పరుపు, ఆ పక్కన కర్టెన్లు. నీళ్లకు వెళ్లే వ్యవధి ఉందో లేదో ఆమె ఆలోచించలేదు. తెరను రెండు చేతుల్తో పట్టి చుట్టి, బుట్టలోని గుడ్డలతో కలిపి ఎత్తుకుని, స్నానాలగది దాకా పరుగెత్తి తొట్టిలో పడేసింది. తెర మాత్రం చేతులు వదల్లేదు. అంటుకుపోయింది.

గుడి నుంచి వచ్చిన సన్నీయే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఎడమచేయి కొంత నయం. కుడి అరచేయి చర్మం బిగుసుకుని మూడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. మిగిలిన అరచేయి కొబ్బరిపీచులా తయారైంది. వ్యాయామం చేయిస్తే కాస్త విచ్చుకోవచ్చని డాక్టరు అన్నాడు. పున్నమ్మ అడిగింది ఒకటే, మళ్లీ మెత్తబడుతుందా అని. ఆయన ఇంకో పేషెంటును పిలిచాడు.

మెకానిక్కు మళ్లీ వచ్చి మిషన్ ముందుకు లాగాడు. నలిగిన గొట్టాన్ని, అట్టకట్టిన ఫిల్టరును చూశాడు. ఈ రెండూ చాలు ఏదో ఒకరోజు మిషనే అంటుకోవడానికి, కానీ ఇప్పుడు అంటుకున్నది గుడ్డల కుప్ప, అన్నాడు.

"ఉతికిన గుడ్డలయ్యా అవి" అంది లిడియా.

"నూనె ఉతికితే పోదండి. తడి ఆరని గడ్డి వామేస్తే లోపల కాగుద్ది చూడండి, అట్టా ఇదీ లోపల్లోపలే కాగుద్ది. అందుకే చివర్న చల్లగాలి. పూర్తిగా చల్లారాక తీసి, విడివిడిగా పరిస్తే కొంత నయం. అసలు ఈ గుడ్డలు వెయ్యకపోతే ఇంకా నయం. ఎవరండీ వేడిగా తీసింది?"

సన్నీ అత్తగారి వైపు చూశాడు.

"పున్నమ్మే. నేను వద్దంటూనే ఉన్నా" అంది లిడియా.

సింధు బిడ్డకు పాలిస్తోంది. తల ఎత్తలేదు.

క్రిస్మస్ దాటాక రేపల్లెకు లిడియా నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడి కూతురు ఫోన్‌ను పున్నమ్మ చెవి దగ్గర పట్టుకుంది.

"బిడ్డ దక్కినందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం పున్నమ్మా. నువ్వు రావాలి. అందరి ముందు లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పాలి."

"నేనేం చెప్తానమ్మగారూ?"

"జరిగిందే చెప్పు. నీ వల్ల పొరపాటు జరిగింది, దేవుడు బిడ్డని కాపాడాడు, అంతే. సంఘంలో ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. హెడ్‌మిస్ట్రెస్ ఇంట్లో పసిబిడ్డ పక్కన నిప్పేంటి అని. నువ్వొక మాటంటే సరిపోద్ది."

పున్నమ్మ ముడుచుకున్న వేళ్లను పైట కిందికి లాక్కుంది.

"కింది ఫ్లాటు నాగవేణి కూడా వస్తుంది. వాళ్లమ్మాయికి బాపట్లలో నెలలు నిండాయి. నీకే చెప్పుకుని ఉందిగా ఆవిడ?"

"అవునండి. ముందే చెప్పింది."

"ఇప్పుడు వెనకాముందూ ఆడుతోంది. తప్పు ఒప్పుకున్న మనిషిని ఎవరూ కాదనరు. పక్కన నేనుంటాగా, నేను చెప్తా. హెడ్‌మిస్ట్రెస్ చెప్తే కాదంటుందా?"

"మరి చల్లగాలి దండగన్న సంగతి, అమ్మగారూ?"

లిడియా గొంతు తగ్గించింది.

"ఆ మిషన్ గొడవలన్నీ ఇప్పుడు వాళ్లకెందుకు? నీకు బాపట్ల ఇల్లు కావాలా వద్దా?"

కావాలి. ఒక్క ఇల్లు దొరికితే చాలు, ఆ ఇంట్లో బిడ్డ ఏడుపు మానితే చాలు, మిగతా ఇళ్లు వాటంతటవే వస్తాయని పున్నమ్మ నమ్మకం. ఎడమచేత్తో నూనె పట్టించవచ్చు. ఇంటి వెనక కూర్చుని తమ్ముడి మనవరాలి బొమ్మను కాళ్ల మీద వేసుకుని ఎడమచేత్తో తిప్పి చూసింది కూడా. మరదలు చూసి నవ్వింది. పోయేదాకా ఇక్కడే ఉంటావా వదినా అని ఆమె ఇంకా అడగలేదు. చేపలు కోసి పెట్టమని మాత్రం అడిగింది. పున్నమ్మ జీవితంలో మొదటిసారి కత్తిపీట ముందు కూర్చుంది. చేప జారి మట్టిలో పడింది.

కూడిక రోజు లిడియా హాలు నిండింది. పాస్టరు పౌలయ్యగారు ప్రార్థన చేశారు. ఒక పాట పాడారు. తర్వాత లిడియా లేచి, బడిలో అసెంబ్లీకి నిలబడినట్టు నిలబడి సాక్ష్యం చెప్పింది. యంత్రం తెచ్చిన అల్లుడి ప్రేమ గురించి, యంత్రానికుండే నియమాల గురించి చెప్పింది. ఫిల్టరు శుభ్రం చెయ్యాలి, గొట్టం నలగకూడదు, నూనె పట్టిన గుడ్డ ఉతికినా సరే వెయ్యకూడదు, చల్లగాలి పూర్తయ్యాకే తియ్యాలి. ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది.

"చెప్పాం. వినలేదు. చదువులేని మనిషి. మన పొత్తిగుడ్డలే మన బిడ్డకి చితి కాబోయాయి. కాని ప్రభువు క్షమించమన్నాడు. మీ అందరి ముందు చెప్తున్నా, పున్నమ్మని నేను క్షమించాను."

వెనక వరుసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

"పున్నమ్మా, లే అమ్మా" అన్నారు పౌలయ్యగారు.

ఆమె లేచింది. చేతులు పైట కింద ఉన్నాయి. సింధు వైపు చూసింది. సింధు బిడ్డ సాక్స్ సర్దుతోంది. సన్నీ పున్నమ్మనే సూటిగా చూస్తున్నాడు. ఏదో వినడానికి సిద్ధంగా ఉన్నవాడిలా ఉన్నాడు. గోడవారన కుర్చీలో నాగవేణి, బాపట్ల అమ్మాయి తల్లి.

"తప్పు నాదేనండి" అంది పున్నమ్మ. "అమ్మగారు వద్దన్నారు. నేనే వినలా. వేడిగా తీసి కుప్పేశాను. దేవుడు బిడ్డని కాపాడాడు."

"స్తోత్రం" అన్నారు అందరూ. ఈసారి గట్టిగా అన్నారు. సన్నీ చూపు తిప్పుకున్నాడు.

టీలు తాగుతున్నప్పుడు పున్నమ్మ నాగవేణి దగ్గరికి వెళ్లింది. లిడియా కోసం అటూ ఇటూ చూసింది. ఆమె పౌలయ్యగారికి కేకు వడ్డిస్తోంది.

"అమ్మా, అమ్మాయి ఎట్టా ఉంది?"

"బాగానే ఉంది పిన్నీ. ఏదీ, ఒకసారి నీ చేతులు చూడనీ."

పున్నమ్మ ఎడమచేయి చాపింది.

"అది కాదు, రెండోది."

పున్నమ్మ కుడిచేయి పైట కిందినుంచి తీసింది. నాగవేణి దాన్ని పట్టుకుని, తిప్పి చూసి, తన చెంప మీద ఒకసారి రాసుకుంది. రాసుకుని వెంటనే వదిలేసింది.

"అబ్బో, గీసుకుంటందే!"

"ఎడమచేత్తో పోస్తానమ్మా. అలవాటు చేసుకున్నా. నేను నీళ్లు పొయ్యడం ఒకసారి చూడు, తర్వాత మాట్లాడు."

"చేతుల సంగతి సరే పిన్నీ. చేతులదేముంది, దెబ్బలు తగులుతాయి. నేను నిన్ను రమ్మందామనే వచ్చా. మిషన్లో లోపమేమో, ఈమె ఏం చేస్తదిలే అనుకున్నా. చెప్పినా వినలేదని నీ నోటితో నువ్వే అన్నావాయె. చెప్పినా వినని మనిషికి బిడ్డనెట్టా ఇమ్మంటావ్?"

పున్నమ్మ మళ్లీ లిడియా వైపు చూసింది. ఈసారి లిడియా కూడా చూసింది, ప్లేటుతో దగ్గరికి వచ్చింది.

"ఏంటి నాగవేణీ, కేకు తీసుకోలేదు?"

"అమ్మగారూ," అంది పున్నమ్మ, "చెప్తానన్నారుగా."

"చెప్పేదేముంది? బిడ్డ వాళ్లది. వాళ్లిష్టం." లిడియా నాగవేణి వైపు తిరిగింది. "మీవాళ్లు కూడా అలాంటి మిషనొకటి తీసుకోండి. మంచిది. పద్ధతిగా వాడుకోవాలంతే. కావాలంటే నేను వచ్చి చూపిస్తా."

"తీసుకోవాలండి. నీళ్లంటారా, మా అమ్మాయి ఫోన్లో చూసి నేర్చుకుంటానంటంది. ఇప్పుడన్నీ దాంట్లోనే ఉన్నయ్యిగా."

పున్నమ్మ తన టీ కప్పు కోసం వంగింది. వేళ్లు పిడిని పట్టుకోలేక కప్పు ఒరిగి టీ నేలమీద పోయింది. ఎవరో గుడ్డ తెమ్మని కేకేశారు. ఆమె చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చింది.

లిఫ్టు దగ్గరికి సింధు బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"అత్తా, ఆరోజు అమ్మ అన్న మాట నేను విన్నాను. వేడిగా తియ్యమంది అమ్మే."

పున్నమ్మ బిడ్డ వైపు చూడలేదు.

"విన్నావా? మంచిది. చెవులు బాగానే పనిచేస్తన్నయ్. నోటికేదో జబ్బొచ్చింది. డాక్టరుకి చూపించుకో."

సింధు ఏడుపు మొదలుపెట్టింది. హాల్లో ముగింపు పాట ఎత్తుకున్నారు. పున్నమ్మ మోచేత్తో బటన్ నొక్కి, లిఫ్టు వచ్చేదాకా తలుపు వైపు చూస్తూ నిలబడింది.